నేను చూడని హాలుకు నేనిచ్చిన ఇండక్షన్

రాజన్న భార్యకు ఉత్తరం రాసి పోస్టులో వేశానని 1992 చివర్లో నేను చెప్పింది అబద్ధం. రాసిన మాట నిజమే. రెండు పేజీలు రాశాను, చించేశాను. అందులో ఉండాల్సింది ఒకే ఒక్క వాక్యం: "ఆ పని అలా చేయమని చెప్పింది నేనే." ఆ వాక్యం ఇరవై ఏళ్లకు పైగా నా నోట్లోనే ఉండిపోయింది. అప్పటి మా సౌదీ క్యాంపులో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ కథలో నేను ఉండను. ఉండాలి.

అప్పుడు నేను సౌదీలోని జుబైల్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. ఇరవై ఏడేళ్లవాణ్ణి, కాకినాడవాణ్ణి. ప్లాంటులోకి మొదటిసారి అడుగుపెట్టేవాళ్లకు ఇండక్షన్ ఇవ్వడం నా పని. అంటే లోపల ఎలా మసలుకోవాలో అరగంటలో చెప్పడం. పసుపు గీత దాటొద్దు. నీది కానిదాన్ని ముట్టుకోవద్దు. లోపలికి వెళ్లగానే బయటికి దారి ఎటో చూసుకో. సైరన్ మోగితే పరుగెత్తకు, అసెంబ్లీ పాయింటుకు నడువు. అందరూ చేరి తలలు లెక్కపెట్టుకునే చోటు అది. చివర్లో విన్నవాళ్లంతా ఒక షీటు మీద సంతకం పెట్టాలి, అడుగున చెప్పినవాడు పెట్టాలి.

అంతకు ముందు ఏడాది గల్ఫ్ యుద్ధం. సైరన్లు మోగిన ఆ రోజుల్లో, విషవాయువు లోపలికి రాకుండా కిటికీ సందులకు టేపు ఎలా అతికించాలో, తలుపు కింద తడి తువ్వాలు ఎలా కుక్కాలో క్యాంపు మొత్తానికి నేర్పింది నేనే. నాకు నేర్పింది ఒక కాగితం. అది నా చేతికి వచ్చింది ముందు రోజే. అయినా పుట్టినప్పటి నుంచి టేపు అతికిస్తున్నవాడిలా గొంతు సవరించుకుని చెప్పాను. మా క్యాంపు మీద ఏమీ పడలేదు. అందులో నా టేపు గొప్పతనం ఏమీ లేదు గానీ, సారు చెప్పాడంటే సరిగ్గా ఉంటుందని పేరు మాత్రం వచ్చింది. ఆ పేరు నాకు తెగ నచ్చింది.

ఆ పేరును అందరికంటే గట్టిగా నమ్మినవాడు రాజన్న. జగిత్యాల దగ్గరి పల్లెటూరు ఆయనది. నలభైకి దగ్గర పడ్డాడు. రిగ్గింగ్ ఫోర్‌మన్. రిగ్గింగ్ అంటే క్రేనుతో బరువులు ఎత్తి దించే పని. క్రేను నడిపేవాడికి కింద జరిగేది కనిపించదు, ఆ చప్పుడులో మాట వినిపించదు. ఫోర్‌మన్ చేతి సైగలే దిక్కు. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు. కిందికి పెట్టి తిప్పితే దించు. చెయ్యి చాచి, అరచేయి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపితే ఆపు. రాజన్న చెయ్యి చాస్తే ఆగని క్రేను లేదు. మెస్సులో వేడి సాంబారు గిన్నె మోసేవాడిని కూడా గ్లౌజులు వేసుకోమనే మనిషి ఆయన.

ఆ చలికాలం మా ప్లాంటు తాలూకు హీట్ ఎక్స్‌ఛేంజర్ ఒకటి బహ్రెయిన్‌లోని వర్క్‌షాపులో బాగుపడింది. అది గదంత ఉండే ఇనుప పీపా. దాన్ని ట్రైలర్ మీదికి ఎక్కించి తీసుకురావడానికి రాజన్ననూ, ముగ్గురు రిగ్గర్లనూ పది రోజులకు పంపాలని కంపెనీ నిర్ణయించింది. ఆ ముగ్గురిలో సత్తెన్న ఒకడు, రాజన్న భార్యకు సొంత తమ్ముడు. 

సముద్రం మీది వంతెన దాటితే బహ్రెయిన్. అక్కడ ఒక హోటల్లో డాన్సు హాలు ఉందనీ, అందులో ఆడేవాళ్లు పాటకో బట్ట చొప్పున తీసేస్తారనీ క్యాంపులో చెప్పుకునేవారు. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూసినవాళ్లను చూసినవాళ్లు మాత్రం గదికి ఇద్దరు ఉన్నారు.

బయలుదేరే ముందు రోజు ఆ నలుగురికీ ట్రెయినింగ్ రూములో జాగ్రత్తలు చెప్పాను. అయిపోయాక సత్తెన్న చెయ్యి ఎత్తాడు.

"సారూ, ఇంకో జాగ గురించి గూడ చెప్పుండ్రి."

"ఏ జాగా?"

"గదే సారూ, గా డాన్సు హాలు. ఫస్టు టైము పోతున్నం. ఎట్ల కూసోవాలె, ఏం జెయ్యాలె, మాకేమెరుక?"

రాజన్న కసిరాడు. "సిగ్గు లేదారా? మీ అక్కకు రాయాల్నా?"

"రాయి బావా. నువ్వు గూడ వస్తున్నవని గూడ రాయి."

అందరూ నవ్వారు. రాజన్న నవ్వలేదు. నావైపు తిరిగాడు. "నేను వద్దన్నా వీళ్లు పోతరు సారూ. పోతే ఏదో ఒక కత చేస్తరు. నలుగుట్ల మన ఇజ్జత్ పోవద్దు. ఏ జాగకైనా ఒక పద్ధతి ఉంటది గద, అది చెప్పుండ్రి. మీరు పొయ్యిండ్రు గద?"

నేను అవుననలేదు, కాదనలేదు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి చిన్నగా నవ్వాను. ఆ నవ్వుకు అర్థం వాళ్లే చెప్పుకున్నారు.

ఇక నా ఇండక్షన్ మొదలైంది. నాకు తెలిసిన పద్ధతి ఒకటే, అదే అక్కడికీ అతికించాను. హాల్లోకి వెళ్లగానే బయటికి దారి చూసుకోవాలి. కాలంతా మూసి ఉండే బూట్లు వేసుకోవాలి. స్టేజీ అంచే పసుపు గీత. ఎవరూ దాటకూడదు. ఏదీ ముట్టుకోకూడదు. వెల్డింగ్ మంటను చూసినట్టే, అదే పనిగా గుడ్లప్పగించి చూడకూడదు, మధ్యమధ్య చూపు తిప్పుకోవాలి. గొడవ జరిగితే పరుగెత్తకుండా బయటికి వచ్చి ఒకచోట చేరాలి.

"బాగ చేసిందనుకో సారూ," అన్నాడు రాజన్న, "మెచ్చుకునుడెట్ల? సీటీ కొట్టుడా?"

"ఛీ, ఈలలేమిటి!" అన్నాను. అక్కడ ఆడేవాళ్లకు దండలు వేస్తారని ఒక డ్రైవర్ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. ఆ దండను వెయిటరే తెస్తాడనీ, వెయిటరే వేస్తాడనీ, చూడవచ్చినవాడు కుర్చీలోంచి లేవడనీ నాకు తెలియదు. దండ అంటే నాకు తెలిసింది మా ఊరి టౌన్‌హాలు సన్మానాలే. "మన సన్మానం లాంటిదే," అన్నాను. "దండ వేయాలి. లేకపోతే శాలువా. ఎదురుగా నిలబడి రెండు చేతులతో కప్పాలి, చెయ్యి భుజానికి తగలకూడదు. నమస్కారం పెట్టి, ఆవిడ పని గురించి రెండు మంచి ముక్కలు చెప్పి దిగిపోవాలి."

"మాట్లాడాల్నా సారూ?"

"క్లుప్తంగా."

రాజన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ షీటు తీశాను. పైన 'బహ్రెయిన్ హాలు: మొదటిసారి వెళ్లేవారికి జాగ్రత్తలు' అని, మేనేజర్‌కు అర్థం కాకుండా తెలుగులో రాశాను. నలుగురూ సంతకం పెట్టారు. అడుగున చెప్పినవాడి గీత మీద మాత్రం నేను పెట్టలేదు. మరిచిపోయానని అప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను.

పదో రోజు హీట్ ఎక్స్‌ఛేంజర్ గీత పడకుండా వచ్చింది. రాజన్న నోరు విప్పలేదు. సత్తెన్న మాత్రం, నేను అక్కడే ఉన్నానని నా పేరు ఎత్తకుండా, మెస్సులో బెంచీ ఎక్కి చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం ఆటకు వెళ్లారట. బట్టలు విప్పడం మాట దేవుడెరుగు, "గా పిల్ల మీద ఉన్న గొలుసులు, అద్దాలు విప్పాల్నంటె ఒక షిఫ్టు వడుతది," అన్నాడు సత్తెన్న. రాజన్న సేఫ్టీ బూట్లతో వెళ్లాడు. కూర్చునే ముందు వంటింటి పక్కనున్న తలుపు దాకా నడిచి చూసి, వచ్చి ముగ్గురికీ చూపించాడు. మధ్యమధ్య "సూపు తిప్పుండ్రి" అని గుర్తు చేశాడు. ముందు కుర్చీలో ఎవరో లేచి స్టేజీ వైపు వెళ్తుంటే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

తర్వాత అసలు సంగతి జరిగింది. ఆ అమ్మాయి గిరగిరా తిరుగుతూ స్టేజీ అంచుకు వచ్చింది. ఛాతీ ఎత్తు స్టేజీ, రెయిలింగ్ లేదు. రాజన్న ఉలిక్కిపడి లేచి నిలబడి, చెయ్యి చాచి అరచేయి కిందికి పెట్టి ఊపాడు. ఆపు! ఆమె చూసింది, ఆగింది. అదేదో సరదా అనుకుని తనూ చెయ్యి చాచి అలాగే ఊపింది. హాలంతా చప్పట్లు. రాజన్న కంగారుపడి రెండు చేతులతో వెనక్కి జరగమన్నాడు. ఆమె తాళం తప్పకుండా అదీ చేసింది.

"రెండు పాటలు బావే ఆడిపిచ్చిండు!" అన్నాడు సత్తెన్న. మెస్సు విరగబడి నవ్వింది.

పాట ఆగగానే రాజన్న సంచీలోంచి శాలువా తీశాడు. పక్కనున్న మెట్ల రెయిలు పట్టుకుని ఒక్కొక్కటీ ఎక్కాడు. రెండు చేతులతో, భుజానికి తగలకుండా కప్పాడు. నమస్కారం పెట్టాడు. ఎదురుగా మైకు ఉంది. "అందరికి నమస్తే," అన్నాడు తెలుగులో. "ఈ బిడ్డ గంటసేపు, గంత ఎత్తు చెప్పులతోని, రెయిలింగు లేని జాగల, ఒక్క యాక్సిడెంటు లేకుంట పని చేసింది. మనందరం నేర్చుకోవాలె."

ఈలోగా తలుపు దగ్గరి పహిల్వాన్లు ఇద్దరు వచ్చారు. "క్రేను లేకుంటనే లేపిండ్రు బావను," అన్నాడు సత్తెన్న. రాజన్న ఎదురు తిరగలేదు. బయట దీపస్తంభం కింద నిలబడి ముగ్గురూ వచ్చేదాకా ఆగి, తలలు లెక్కపెట్టి, "ఎవ్వలకు దెబ్బలు తాకలే గద?" అని అడిగాడు.

అక్కడి దాకా చెప్పి సత్తెన్న బెంచీ దిగాడు. అప్పుడు నవ్వు లేదు. "అంత బాగనే ఉంది గని, ఆ శాలువ మా అక్కకు కొన్నది. రంగు నేనే ఏరిచ్చిన. ఆకుపచ్చది. గా పిల్ల ఏసీల వణుకుతున్నది, కప్పంగనే చుట్టుకున్నది. మళ్ల ఇయ్యలే."

వారంలోనే అతను అక్క లచ్చవ్వకు ఉత్తరం రాశాడు. బావ నీకు కొన్న శాలువా డాన్సు చేసే పిల్లకు కప్పాడని. ప్రతి అక్షరం నిజమే. హాలు మాట ముందు ఎత్తింది తనేనని అక్కకు తెలుస్తుందని నా ఇండక్షన్ సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. లచ్చవ్వ తల్లిగారింటికి వెళ్లిపోయింది. రాజన్న జరిగింది జరిగినట్టు రాశాడు, సేఫ్టీ సారు చెప్పిన పద్ధతి ప్రకారం చేశానని. ఎవరిచేతో రాయించిన జవాబు వచ్చింది. ఆ కాగితం రాజన్న నాకు చూపించాడు. "చదువుకున్న సారు గసొంటి మాట చెప్తడా? అబద్ధమాడినా అతికేటట్టు ఆడాలె. ఇగ నాకు ఉత్తరాలు రాయకు."

మా మేనేజర్‌కు కూడా కబురు అందింది. ఇద్దరినీ పిలిచి, ఈ వెధవ సలహా ఎవరిచ్చారని అడిగాడు. రాజన్న నావైపు చూడకుండా "నాదే తప్పు సార్" అన్నాడు. బయటికి వచ్చాక చెప్పాడు: "మీ పేరు చెప్తె మీ నౌకరి పోతుండె. అది వద్దు. లచ్చవ్వకు ఒక్క ఉత్తరం రాయుండ్రి సారూ, మీరే చెప్పిండ్రని. మీ సంతకం ఉంటె నమ్ముతది."

రాశాను. రాసినదాన్ని రెండుసార్లు చదువుకున్నాను. అది లచ్చవ్వ నుంచి తమ్ముడికీ, తమ్ముడి నుంచి మెస్సు బెంచీ మీదికీ చేరుతుంది. ఈ పద్ధతి ఎక్కడ చూశావని అందరూ ఆరా తీస్తే, సారు అసలు ఆ హాలు గుమ్మం కూడా తొక్కలేదని తేలుతుంది. నిజం చెప్పాలంటే నౌకరి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఉత్తరం చించి, వేశానని చెప్పాను. సంతకాల షీటును ఫైల్లోంచి తీసి నా సర్టిఫికెట్ల కవరులో దాచాను. చించడానికి మాత్రం చేతులు రాలేదు.

రాజన్న వారం వారం టపా సంచీ దగ్గర నిలబడేవాడు. చివరికి నన్నే ఓదార్చాడు. "పోస్టోళ్లే ఎక్కడనో పారేసిండ్రు సారూ, మీరేం జేస్తరు."

మా వృత్తిలో నియర్ మిస్ అని ఒకటి ఉంది. ఎవరికీ దెబ్బ తగలకపోయినా తగలబోయిన ఘటన. దానికి రిపోర్టు రాయాలి, అసలు కారణం ఏమిటో తేల్చాలి. జుబైల్‌లోనూ, ఆ తర్వాత రాస్ తనూరాలోనూ అలాంటివి వందలు రాశాను. ఎవరి తప్పునైనా మూడు లైన్లలో పట్టేసేవాణ్ణి. ఇది మాత్రం రాయలేదు. దీన్ని నియర్ మిస్ అనడానికీ లేదు, తగలకూడనివాళ్లకు తగిలింది.

నేను సౌదీ వదిలి కాకినాడ వచ్చేశాక, పోయినేడు సత్తెన్న ఫోన్ చేశాడు. మాటల్లో అక్కా బావల సంగతి అడిగాను. ఆరు నెలలకు పెద్దమనుషులు సర్దిచెప్పి అక్కను పంపారట. బాగానే ఉన్నారట. "గని సారూ, బావ సౌది నుంచి తెచ్చిన బట్ట ఒక్కటి గూడ అక్క ఒంటి మీద ఏసుకోలే. ఇరవై ఏండ్లవి పెట్టెల అట్లనే ఉన్నయి."

ఆ వారమే జగిత్యాల బస్సెక్కాను.

రాజన్న తల నెరిసింది. నన్ను చూసి వాకిట్లోకి పరుగున వచ్చాడు. "సారొచ్చిండు! లచ్చవ్వా, యుద్ధంల మమ్ముల కాపాడిన సారు!" అది కూడా తప్పేనని ఆ క్షణం చెప్పలేకపోయాను. లచ్చవ్వ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, గడపలో నిలబడింది.

కూర్చోకుండానే కవరులోంచి షీటు తీశాను. పైనున్న తెలుగు వాక్యం చదివాను. నాలుగు సంతకాలూ చూపించాను. "ఆ రోజు రాజన్న మీకు రాసింది నిజమమ్మా. శాలువా కప్పమంది నేను. ఉత్తరం రాస్తానని మాటిచ్చి, వేయకుండా వేశానన్నాను."

ఆమె ఆ కాగితం మీదికి వంగింది. మొగుడి సంతకం మీద వేలు పెట్టింది. "అయితె నువ్వు చెప్పింది నిజమేనా?" అంది.

"ఇరవై ఏండ్ల సంది గదే చెప్తున్న," అన్నాడు రాజన్న.

"మీరు గూడ గట్లనే కప్పిండ్రా సారూ, అక్కడ పోయినప్పుడు?" అని లచ్చవ్వ నన్నడిగింది.

ఇది నేను అనుకుని వచ్చిన ప్రశ్న కాదు. "లేదమ్మా," అన్నాను. "నేనా హాలుకు ఎప్పుడూ వెళ్లలేదు."

రాజన్న చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "పోలేదా?"

"లేదు."

"మరి సన్మానం?"

"ఊహించి చెప్పాను."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నా తర్వాత పోయినోళ్లకందరికి గదే పద్ధతి చెప్పి పంపిన గద సారూ," అన్నాడు నెమ్మదిగా. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

కాలు పెట్టని చోటికి దారి చెప్పకూడదనీ, చెప్పినప్పుడు కింద సంతకం పెట్టే ధైర్యం ఉండాలనీ పాతికేళ్ల ఉద్యోగం నాకు నేర్పలేదు. ఆ వాకిట్లో నేర్చుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి, షీటు అడుగున ఇన్నేళ్లూ ఖాళీగా ఉన్న గీత మీద నా పేరు రాసి, కాగితాన్ని రెండు చేతులతో లచ్చవ్వకు ఇచ్చాను.

"మీ శాలువా పోయింది నా వల్ల. మీ ఆయన మాటకు విలువ పోయింది నా వల్ల. రాజన్నా, తెలియదు అనే ఒక్క మాట చెప్పలేక నిన్ను ఇన్నేళ్లు అబద్ధాలకోరును చేశాను. తప్పు నాది. ఇద్దరూ నన్ను క్షమించండి."