ఓబుళప్ప భుజానికి షాకు

హిందూపురంలో గోడల మీద అక్షరాలు రాసే ఓబుళప్పకు 2005 ఎండాకాలంలో కుడి భుజం పట్టేసింది. పెళ్లికి ముందు నుంచీ నిచ్చెనెక్కి చెయ్యెత్తి రాసిన మనిషికి, చొక్కా తొడుక్కోవాలన్నా భార్య పుష్పావతి సాయం కావలసి వచ్చింది. కట్లు, మాత్రలు ఏవీ పనిచేయక చివరికి బెంగళూరు పోయాడు. కండను ఎముకకు అంటిపెట్టే పట్టీలో సున్నం పేరుకుందనీ, షాక్‌వేవ్ యంత్రంతో వారానికోసారి కొట్టాలనీ అక్కడి డాక్టరు చెప్పాడు. అది కరెంటు కాదట, గట్టి శబ్దంలాంటి అలల దెబ్బ. యంత్రం మొన ఆనించగానే వడ్రంగిపిట్ట భుజాన్ని పొడుస్తున్నట్టనిపించి ఓబుళప్ప పళ్లు బిగబట్టాడు.

భుజానికి షాకు ఇస్తున్నారని పుష్పావతి కొళాయి దగ్గర దాసమ్మతో అంది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి భుజం ఎక్కడో జారిపోయి షాకు ఒక్కటే మిగిలింది. షాకు ఎవరికిస్తారో ఊరికి తెలియదా? ఓబుళప్పకు తల చెడిందని తేల్చేశారు.

దానికి తోడు కసరత్తులు. రోజూ బెంగళూరు పోలేడు కాబట్టి, వాటిని నేర్పే సంగీత మేడం సాయంత్రంపూట ఫోన్లోనే చేయిస్తానంది. గంగాధర్ ఎస్టీడీ బూత్‌లో చెయ్యి జాపితే మోచెయ్యి అద్దానికి తగిలింది. అద్దం మీద ప్రేమతో గంగాధర్ ఫోను బయట బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు. ఇక నడిబజారులో ఓబుళప్ప ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి ఊపేవాడు. తర్వాత గోడవైపు తిరిగి రెండు వేళ్లను సాలీడులా పైకి నడిపించేవాడు. "ఎక్కు, ఇంకా ఎక్కు" అనేది ఫోను. "ఇంక నాతో కాదు మేడం" అని ఆయన గోడకేసి బతిమాలేవాడు.

తనకు పిచ్చి లేదని ఆయన చెప్పినకొద్దీ జనం మరింత దయగా తలాడించారు. ఎడమచేత్తో రాసిన బోర్డులో దానిమ్మ కాస్తా దామ్మిన అయితే, పండ్ల అంగడాయన చానా బాగుండాదని మెచ్చుకుని తీసుకుపోయాడు. అక్షరం వంకర పోతే నిద్రపట్టని ఓబుళప్పకు భుజం నొప్పికన్నా ఆ మెప్పే ఎక్కువ నొప్పి పుట్టించింది.

కబురు పుష్పావతి పుట్టిల్లు తాడిమర్రికి పాకి మామ మల్లప్ప దిగాడు. వచ్చీరాగానే ఇంట్లో కత్తిపీట దాచాడు. సాయంత్రం అల్లుడి వెంట బూత్‌కు పోయాడు.

తోడు ఎవరైనా ఉన్నారా అని ఫోను అడిగింది. మల్లప్ప బిక్కచచ్చి, ఉండానని ఒప్పుకున్నాడు. ఎట్లా ఎత్తాలో అల్లుడికి చూపించమని, ఆయన్నూ చెయ్యెత్తమంది మేడం. మామా అల్లుళ్లు రోడ్డు పక్కన చేతులెత్తి నిలబడ్డారు. మడకశిర పోయే బస్సు వచ్చి వాళ్ల ముందు ఆగింది.

"ఎక్కు, ఎక్కు" అంది ఫోను.

"ఎక్కప్పా, తొందరగా" అన్నాడు కండక్టరు.

ఇద్దరూ ఒకే మాట అనేసరికి ఇది కూడా వైద్యంలో భాగమే కాబోలనుకుని మల్లప్ప ఎక్కేశాడు. ఓబుళప్ప కేకలు వేసేలోగా బస్సు కదిలిపోయింది. మామ మడకశిర నుంచి మరునాడు పొద్దునకు గానీ తిరిగి రాలేదు.

వానలు పడేనాటికి చెయ్యి తల దాకా లేచింది. ఓబుళప్ప మళ్లీ నిచ్చెనెక్కి, ముందుగా ఆ పండ్ల బోర్డు దించి సరిగ్గా రాశాడు. షాకు బాగా పనిచేసింది, మనిషి ఎంత నిమ్మళించాడో అంది ఊరు. ఆయన ఇక వివరించడం మానేశాడు.

ఇంకోసారి చూడవచ్చిన మల్లప్ప అల్లుణ్ణి పెరట్లోకి పిలిచి, మెల్లగా అడిగాడు.

"ఆ షాకు మీ అత్తకు గూడా ఇప్పిస్తే ఎట్లుంటాదంటావు?"

"అత్తకు భుజం నొప్పా మామా?"

మల్లప్ప ఇంటివైపు ఒకసారి తొంగిచూశాడు. "భుజం బాగానే ఉండాదిలేప్పా."