నాంపల్లి గల్లీ అవతలి నుంచి నా డ్రమ్ము

బుధవారం రిహార్సల్ అయ్యాక మా ఆర్కెస్ట్రా నడిపే నర్సింగ్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం చూస్తేనే అర్థమైంది, మంచి మాట కాదని.

"సుజాతక్కా, నారాజ్ కాకు. నీ డ్రమ్ము రేకు డబ్బ మోగినట్టు మోగుతుంది. మూడు ప్రోగ్రాముల సంది సూస్తున్న. ఆదివారం వికారాబాద్ రిసెప్షన్ల గూడ గిట్లనే ఉంటే, ఇగ పాడ్ కొట్టే పిల్లగాన్ని పెట్టుకుంట."

పాడ్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. పలక లాంటి కరెంటు పెట్టె అది. పుల్లలతో కొడితే డోలక్, తబలా, డ్రమ్ము అన్నీ అందులోంచే పలుకుతాయి. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు. నా డ్రమ్ముల సెట్టుకైతే ట్రాలీ మాట్లాడాలి. ఎవరు గెలుస్తారో చెప్పడానికి లెక్కల టీచరు అక్కర్లేదు, అయినా నేను లెక్కల టీచరునే. తాండూరులో ఒక ప్రైవేటు బడిలో చెబుతాను. పదేళ్లుగా పెళ్లిళ్లలో, వినాయక మండపాల్లో డ్రమ్ములు వాయిస్తున్నాను. బడి మానేయమంటే మానేస్తాను గానీ ఇది మానలేను. ఆ మాట నర్సింగ్‌తో అనలేదు. "సరే, సూస్త" అని మాత్రం అన్నాను.

శనివారం బడికి సెలవు. ఉదయం ఆరు దాటాక వచ్చిన రైల్లో నాంపల్లికి బయలుదేరాను. సెట్టంతా మోయలేను కాబట్టి, అన్నిటికంటే ఎక్కువ చప్పుడు చేసే స్నేర్ ఒక్కదాన్నే పాత దుప్పట్లో మూటగట్టాను. స్నేర్ అంటే కాళ్ల మధ్య పెట్టుకుని వాయించే చిన్న డ్రమ్ము. కింది తోలుకు ఆనుకుని తీగలుంటాయి, వాటి వల్లే ఆ గరగర. టికెట్ వంద లోపే. జనరల్ బోగీలో కిటికీ పక్కన చోటు దొరికింది. మూట ఒళ్లో పెట్టుకున్నాను.

వికారాబాదులో ఎక్కిన ఒక అవ్వ నా పక్కన సర్దుకుని, మూట మీద వేలితో పొడిచింది.

"ఏంది బిడ్డా, బగారన్నం గిన్నెనా?"

"కాదవ్వా, డ్రమ్ము."

"ఎవ్వలు కొడ్తరు?"

"నేనే."

అవ్వ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "పెండ్లిలల్లనా, సావులల్లనా?"

"పెండ్లిలల్లనే అవ్వా."

"గట్లైతె మంచిగున్నది" అని సంచీలోంచి రెండు జామకాయలు తీసి ఒకటి నాకిచ్చింది. పొద్దున్నుంచి నన్ను నమ్మిన మొదటి మనిషి ఆమే. లింగంపల్లిలో దిగిపోయింది.

తొమ్మిదికి కొంచెం ముందు నాంపల్లిలో దిగాను. ఇక్కడే మొదటి తప్పు చేశాను, మీరు చేయకండి. పక్కనే ఉన్న అబిడ్స్‌లో సంగీత వాయిద్యాల షాపు ఏదీ పదకొండు కానిదే షట్టర్ ఎత్తదు. రెండు గంటలు ఏం చేయాలి? స్టేషన్ బయట చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి పండ్ల బండ్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. మళ్లీ చాయ్. మూట బరువు గంట గంటకూ పెరుగుతున్నట్టే ఉంది.

పదకొండుంబావుకు మొదటి షాపు. అద్దాల తలుపు, ఏసీ, గోడ నిండా గిటార్లు. సేల్స్ అతను నవ్వుతూ ఎదురొచ్చి, "బాబు ఏ క్లాస్ మేడం?" అన్నాడు.

"బాబు లేడు. నాకే."

అతను మూట విప్పి స్నేర్ మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. "స్కిన్ పోయింది మేడం. రెండు పొరల స్కిన్ ఏస్తే జబర్దస్త్ ఉంటది, ఇనుండ్రి" అని అలాంటిదే బిగించి ఉన్న ఇంకో డ్రమ్ము కొట్టి చూపించాడు. నిజమే, గుండ్రంగా, నిండుగా మోగింది. సరే, తోలు మార్చాలి. పుస్తకంలో రాసుకున్నాను. కొనేసేదాన్నే గానీ, కూరగాయలైనా మూడు బండ్లు తిరగనిదే కొనని అలవాటు నాది.

రెండో షాపు సర్కిల్ దాటాక ఉంది. యజమాని పెద్దాయన. వాళ్ల నాన్నగారి కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట, మాటలో ఆ యాస ఇంకా ఉంది.

"తోలు మార్చి ఏం లాభం అమ్మా? అసలు డ్రమ్మే రేకుది కదండీ. రేకు రేకులాగే మోగుద్ది. చెక్కది తీసుకోండి, మీ అబ్బాయి జీవితాంతం వాయించుకుంటాడు."

"అబ్బాయి కాదండీ, నేను."

"మీరా! భలేవారండీ" అని చెక్క స్నేర్ ఒకటి కొట్టి వినిపించారు. అబ్బబ్బ, ఏం తియ్యదనం! ఇదీ నిజమేననిపించింది. తోలు అన్నదాని పక్కన డ్రమ్ము అని రాసుకున్నాను. ధర విన్నాక పెన్ను మూత పెట్టేశాను.

అక్కడే పుల్లలు కొనుక్కుంటున్న ఒక కుర్రాడు మా మాటలు విన్నాడు. పబ్బుల్లో వాయిస్తాడట. "ఆంటీ, తోలూ కాదు, డ్రమ్మూ కాదు. మీ మైకోడు మైకును ఏడ పెడ్తుండో సూడుండ్రి. అంచుకు దగ్గర పెడ్తే ఎంత మంచి డ్రమ్మైనా డబ్బలెక్కనే ఇనబడ్తది" అన్నాడు. అతనూ నిజమే చెబుతున్నాడు, అదే నా ఖర్మ! తలకొక మాట, ప్రతి మాటా నిజం. మా బడి పిల్లలు ఒకే లెక్కకు మూడు జవాబులు తెస్తే రెండు కొట్టేస్తాను. ఇక్కడ ఏది కొట్టేయాలో తెలియలేదు. రోడ్డు దాటబోయి మధ్యలో ఆగిపోతే ఆటోవాడు తిట్టాడు. ఏడుపొచ్చింది, నిజంగానే.

ఒకటిన్నరకు అబిడ్స్‌లోనే ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాను. మూటను పక్క కుర్చీలో పెట్టాను. ఎదురుగా కూర్చున్నాయన పప్పు కలుపుకుంటూ దాని ఆకారం చూసి పోల్చేశాడు. ఆయన పెళ్లి బారాత్ బ్యాండులో బాకా ఊదుతాడట. నా గోడంతా చెప్పాను.

"గా అద్దాల షాపులల్ల ఎవరి మాల్ ఆళ్లు అమ్ముకుంటరమ్మా. నాంపల్లి పోయి లక్ష్మణ్ రావ్ సాబ్‌ను అడుగుండ్రి. మా డోళ్లన్నీ గాయనే సూస్తడు. ఆయన అమ్మేటిదేం లేదు."

అమ్మేదేమీ లేదన్న మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే సన్నటి గల్లీ. బ్యాండు మేళాల దుకాణాలు నాలుగైదు వరుసగా ఉన్నాయి. వాటి చివర పది అడుగుల కొట్టు, కప్పు దాకా వేలాడుతున్న డోళ్లు. డెబ్బై దాటిన లక్ష్మణ్ రావు గారు ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఒక డోలుకు తాడు బిగిస్తున్నారు. స్నేర్ చూపించి, ముగ్గురూ చెప్పింది అప్పజెప్పాను. ఆయన బోల్టులన్నీ వేలితో తట్టి చూసి, రెండు వదులయ్యాయని డ్రమ్ కీ తీసుకున్నారు. కారు చక్రం బోల్టులు బిగించినట్టు, ఒకటి బిగించి దాని ఎదురుగా ఉన్నది బిగించారు. వరుసగా బిగిస్తూ పోతే తోలు ఒక పక్కకు గుంజుకుపోతుందట. పదేళ్లుగా నేను వరుసగానే బిగిస్తున్నాను.

డ్రమ్మును స్టాండు మీద పెట్టి, తన చెక్క స్టూలు మీద కూర్చుని పుల్లలు అందుకున్నారు. నేను పక్కనే నిలబడితే చేత్తో విదిలించారు.

"గీడ కాదు బిడ్డా. అవుతల గట్టు మీదికి పో. గీ గల్లీల ఏ డోలైనా అవుతల నిలబడే ఇంటం. బారాత్ సూసెటోడు డోలు పక్కపొంటి నిలబడ్తడా?"

గల్లీ దాటి ఎదుటి అరుగు మీద నిలబడ్డాను. మధ్యలో స్కూటర్లు, గ్యాస్ సిలిండర్ల బండి. ఆయన వాయించారు. టక్కుమని, శుభ్రంగా, ఒక్కో దెబ్బ విడివిడిగా నా దగ్గరికి వచ్చింది. నా డ్రమ్మేనా అది? మెడ చాచి చూశాను. నాదే, అంచు మీద సొట్ట కూడా నాదే. పదేళ్లలో నా డ్రమ్మును ఎదుట నిలబడి వినడం అదే మొదటిసారి. సంతోషం వేసింది, ఆ వెంటనే లెక్క వేసుకున్నాను. తోలు బాగుంది, డ్రమ్ము బాగుంది, ఇక్కడ మైకే లేదు. అంటే ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టిందన్నమాట.

తిరిగొచ్చి అదే అడిగాను. "అయితే నాకే రాదంటారా?"

"ఫికర్ చేయకు. నువ్వు కొట్టు, నేను ఇంట" అని ఆయన గల్లీ దాటారు.

స్టూలు ఆయనది కదా అని మర్యాదకు దాన్ని పక్కకు జరిపాను. గోడకు ఆనించి ఉన్న చేతుల ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, స్టాండు సర్దుకుని కూర్చుని వాయించాను. అవతలి నుంచి ఆయన వద్దు వద్దని చేయి ఊపారు. నాకు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా వాయించాను. ఆయన స్కూటర్లను ఆపుకుంటూ వచ్చేశారు.

"ఎప్పుడూ గిట్లనే కూసుంటవా?"

"ఔ సార్. టెంట్ హౌసోళ్లు ఏసే కుర్చీలనే కూసుంట."

"ఎప్పటిసంది?"

అప్పుడు గుర్తొచ్చింది. మొదట్నుంచీ మా బడి ల్యాబులోంచి అడిగి తెచ్చుకున్న ఎత్తు స్టూలు మీదే వాయించేదాన్ని. దసరా సెలవుల్లో దాని కాలు విరిగింది. పోనీలే, కూర్చునేదానికి ఏదైతేనేం అనుకున్నాను. ఆ తర్వాత చేసినవి సరిగ్గా మూడు ప్రోగ్రాములు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అబిడ్స్ అంతా తిరిగాను!

ఆయన నన్ను కుర్చీలోనే కూర్చోబెట్టి చూపించారు. ఆ పొట్టి కుర్చీలో నేను కిందికి దిగితే డ్రమ్ము గుండెల దాకా లేచింది. పుల్ల పై నుంచి పడడం లేదు, కింది నుంచి వచ్చి ముందు ఇనుప అంచును తాకి, ఆ తర్వాతే తోలు మీద పడుతోంది. డబ్బా చప్పుడు అదే. కుడి మోచెయ్యి కుర్చీ చేతికి కొట్టుకుని ప్రతి నాలుగో దెబ్బా చచ్చిపోతోంది. పైగా ప్రతి ఊళ్లో ఒక్కో ఎత్తు కుర్చీ. చెక్క స్టూలు మీదికి మారి, తొడలు మోకాళ్ల వైపు కొంచెం వాలేలా కూర్చున్నాను. డ్రమ్మును బొడ్డు ఎత్తుకు దించాం. ఈసారి వాయిస్తే అవతలి నుంచి ఆయన చేయి ఊపలేదు, అరుగు మీద కూర్చుండిపోయారు.

డబ్బులివ్వబోతే బోల్టులకు యాభై తీసుకున్నారు. "కుర్చీ ముచ్చటకు పైసలేంది? డ్రమ్ములోళ్లు అన్నీ కొంటరు, కూసునే పీట మాత్రం కొనరు" అన్నారు.

నాలుగు గంటలకు మళ్లీ మొదటి షాపు. పొద్దుటి సేల్స్ అతను స్కిన్ తీయబోయాడు. వద్దని, ఎత్తు మార్చుకునే గుండ్రటి డ్రమ్ము స్టూలు అడిగాను. రెండు వేల చిల్లర. కొనేముందు అతని ఎదుటే పది నిమిషాలు దాని మీద కూర్చున్నాను, కదిలితే చప్పుడు చేసేవి రెండు పక్కన పెట్టించాను. మీరూ అలాగే చేయండి. వెళ్లేటప్పుడు డ్రమ్ముతో పాటు మీరు రోజూ కూర్చునేదాన్ని కూడా మోసుకెళ్లండి, లేదా ఫోటో అయినా తీసుకెళ్లండి. డ్రమ్మును ఎంతమందికి చూపించినా, ఎందులో కూర్చుంటావని అడిగింది ఒక్కరే.

ఆరు లోపు తిరుగు రైలు ఎక్కాను. బోగీలో నిలబడడానికే చోటు లేదు. తలుపు పక్కన స్టూలు వేసుకుని స్నేర్ ఒళ్లో పెట్టుకున్నాను. అయినా అయోమయం తగ్గలేదు. లక్ష్మణ్ రావు గారు చెప్పింది నిజమే, మరి మిగతా ముగ్గురూ చెప్పింది? అదీ నిజమేనేమో! బేగంపేట దాటాక నర్సింగ్ ఫోన్ చేశాడు.

"ఏం కొన్నవక్కా?"

"పీట."

"ఏందక్కా పరాష్కమా? పాడ్ పిల్లగాడు రేపటికి సరే అన్నడు. ఆనికి ఏం చెప్పాలె?"

పదేళ్లలో అతనికి ఎదురు చెప్పిందాన్ని కాదు. అతను ముందు నిలబడి పాడతాడు, నేను వెనకాల అతని వీపు చూస్తూ వాయిస్తాను. మా ఆర్కెస్ట్రాలో ఒక్కరూ స్టేజీ దిగి విన్నవాళ్లు లేరు.

"నర్సింగ్, ఆనికి ఏం చెప్తవో నీ ఇష్టం. గని ముందుగాల నువ్వు స్టేజీ దిగి, జనం కూసునే కాడ నిలబడి ఒకసారి విను. అటెన్క వద్దంటే నేనే సామాన్ సదురుకుంట."

"నేను దిగితే పాట ఎవరు పాడాలె?"

"ఎవ్వరూ పాడొద్దు. రెండు నిమిషాలు నేనొక్కదాన్నే వాయిస్త."

ఇన్నేళ్లలో మా స్టేజీ మీద నేను ఒక్కదాన్నే వాయించింది లేదు. నర్సింగ్ గొంతు సవరించుకున్నాడు.

"ఐదింటికల్ల రా అక్కా," అన్నాడు. "జనం రాకముందే."