మాసమ్మ చాటలో ఎల్లిగడ్డలు

ఎంతసేపూ ఆ ఫోన్లలో ముఖం తెలియని వాళ్ల సంగతులు చూసి పగలబడి నవ్వుతారు. మన చిక్కడపల్లి గల్లీలోనే, లైబ్రరీ వెనక, మాసమ్మ అని ఒకామె ఉండేది. ఆమె ఎట్లాంటి మనిషని మీలో ఒక్కరైనా ఒక్కనాడైనా అడిగారా? అడగరు. అడిగితే నోరు అరిగిపోతుందేమో. సరే, అడగకున్నా చెప్పక తప్పదు, వినండి.

మాసమ్మకు ఒక్కటే పిచ్చి. కష్టమొచ్చిందని ఎవరు గడప తొక్కినా సరే, వాళ్ల ఒళ్లో చాట పెట్టి ఎల్లిగడ్డలు, అదే వెల్లుల్లి, ఒలిపించేది. అయ్యో అనదు, పాపం అనదు, మంచినీళ్లు కావాలా అని కూడా అడగదు. "కూసో. ఇవి ఒలువు. ఒలుసుకుంట చెప్పు" అనేది, అంతే.

ఆటో నడిపే బుగ్గయ్య ఒకరోజు లబోదిబోమంటూ వచ్చాడు. నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయిందట.

"అక్కా, నా బతుకు బజార్ల పడ్డది."

"పడనీ. పొట్టు మాత్రం కింద పడొద్దు, జర చూస్కో."

"నేను చెప్పేది ఇంటున్నవా?"

"ఇంటున్న. ఆ రెబ్బకు ఇంక పొట్టున్నది."

సగం చాట అయ్యేసరికి బుగ్గయ్య గొంతు దిగింది. చాట ఖాళీ అయ్యేసరికి ఏ మెకానిక్‌ను పట్టుకోవాలో అతనికే తట్టింది. మంచివాడు కనుక, ముసలామెకు ఈ చాకిరీ తప్పిద్దామని మర్నాడు హిమాయత్‌నగర్‌లో ఒలిచిన ఎల్లిగడ్డల ప్యాకెట్ కొని తెచ్చిచ్చాడు. మాసమ్మ దాన్ని చచ్చిన ఎలుకను చూసినట్టు చూసింది.

"ఒలిచినవి నాకెందుకురా? తీస్కపో."

అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. పరీక్ష వాయిదా పడిందంటే చాలు, మాసమ్మ అరుగు మీద కూర్చోవడానికి చోటుండేది కాదు. రాజ్యాంగం మొత్తం అప్పజెప్పగల పిల్లలు ఒక ఎల్లిగడ్డ దగ్గర చెమటలు కక్కేవాళ్లు. గల్లీలో ఒకరి చెయ్యి ఒకరు వాసన చూసి, "ఏందక్కా, ఇంట్ల ఏమైంది?" అని అడగడం అలవాటైపోయింది. పెళ్లాంతో గొడవపడి వచ్చిన మొగుళ్లు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని గానీ ఇంటికి పోయేవాళ్లు కాదు.

ఎదురింటి ఆదిలక్ష్మికి మాత్రం ఇదంతా గిట్టేది కాదు. వాళ్లు కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, మర్యాదలు ఎక్కువ. "చూశారా, ఊళ్లోవాళ్ల కష్టాలతో ఆవిడ పచ్చళ్ల వ్యాపారం చేసుకుంటోంది" అని భర్త బుచ్చిబాబుతో అనేది. ఒంటరి మనిషికి అన్ని ఎల్లిగడ్డలు ఎందుకు మరి? గల్లీ మొత్తం లోలోపల అదే అనుకునేది.

అలాంటి ఆదిలక్ష్మికే కష్టం వచ్చింది. బుచ్చిబాబుకు గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ చేస్తే తప్ప దక్కడన్నారు. పొద్దున్నే లోపలికి తీసుకుపోయారు. కూతురు మహిత బెంగళూరు నుంచి బయలుదేరి ఇంకా దారిలోనే ఉంది. ఆదిలక్ష్మి ఒక్కతే బయట కూర్చుని ఆ తలుపు వైపే చూస్తోంది. తలుపు తెరుచుకుంటే ఏం వినాలో అని వణుకు, తెరుచుకోకపోతే ఇంకా వణుకు. చుట్టాలు ఫోన్లు చేసి, తమకు తెలిసినవాళ్లు ఎవరెవరు ఆపరేషన్ బల్ల మీద పోయారో వివరంగా చెప్పి, ధైర్యంగా ఉండమంటున్నారు.

అప్పుడు ఊడిపడింది మాసమ్మ. చంకలో చాట, చేతిలో సంచి.

"మాసమ్మగారూ, ఇది ఆసుపత్రండీ."

"ఎర్కే బిడ్డ. బోర్డు సదవరాకున్నా మందుల వాసన తెలుస్తది. ఒలువు."

"నా వల్ల కాదండీ. చేతులు వణుకుతున్నాయి."

"వణికే చేతులతోనే ఒలువు. అది ఏమనుకోదు."

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఈడ ఇవి ఒలవద్దు."

"ఎల్లిగడ్డ ఒలవద్దని ఏడ రాసున్నదో చూపెట్టు."

అతను గోడలన్నీ చూశాడు. పొగ తాగరాదని ఉంది, ఉమ్మరాదని ఉంది. ఎల్లిగడ్డల ఊసు లేదు.

"నీ మొఖం గింత పీక్కపోయిందేంది కొడుకా?"

"మా అమ్మకు పాణం బాగలేదు."

అతని చేతిలోనూ ఒక గడ్డ పడింది. ఆ తర్వాత అటుపక్క తల పట్టుకుని కూర్చున్న ముసలాయన, ఇటుపక్క గోళ్లు కొరుక్కుంటున్న అమ్మాయి. కాసేపటికి ఆ వరండా పెళ్లింటి వంటశాలలా తయారైంది. ఆదిలక్ష్మి కళ్లు తలుపు మీంచి చాటలోకి దిగాయి. గోరు మంటపుట్టి ఎల్లిగడ్డను తిట్టింది, మాసమ్మను తిట్టింది. బుచ్చిబాబు కాఫీలో దొంగచాటుగా చక్కెర ఎలా కలుపుకుంటాడో ముసలాయనకు చెప్పి నవ్వింది. వణుకు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు.

తలుపు తెరుచుకుంది. "బుచ్చిబాబుగారి తాలూకు ఎవరండీ?" అని డాక్టరమ్మ పిలిచింది.

"నేనేనండీ. ఒక్క క్షణం, ఈ రెబ్బ కానివ్వండి" అంది ఆదిలక్ష్మి. తనేమన్నదో ఆ తర్వాత గానీ ఆమెకు తెలియలేదు.

"ఆపరేషన్ బాగా జరిగింది. ఆయనకేం భయం లేదు" అని డాక్టరమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఈ వాసనేంటండీ?"

బుచ్చిబాబు ఇంటికొచ్చాక, అతనికి చప్పిడి భోజనం కుదుర్చుకుందామని ఆదిలక్ష్మి నారాయణగూడ వెళ్లింది. అక్కడ జయశ్రీ అనే ఆవిడ హాస్టల్ ఆడపిల్లలకు మెస్ నడుపుతుంది. వంటింట్లో గంపెడు ఒలిచిన ఎల్లిగడ్డలు కనబడ్డాయి.

"మాసమ్మ పెద్దమ్మ ఇచ్చిపోతదమ్మా, ఊకెనే, పైస తీస్కోదు. ఆమె నోట్ల పెట్టదు. ఎల్లిగడ్డ వాసనకే తలకాయ నొస్తదంటది" అంది జయశ్రీ.

ఆదిలక్ష్మి తిన్నగా మాసమ్మ గుమ్మంలో దిగింది.

"తినరు, అమ్మరు. మరి మా అందరి చేతా ఎందుకు ఒలిపిస్తున్నారండీ?"

మాసమ్మ దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూసింది.

"నా పెనిమిటి దవాఖానల ఉన్నప్పుడు అందరు నన్ను కూసోబెట్టి, నువ్వేం జెయ్యకు, నువ్వేం జెయ్యకు అన్నరు బిడ్డ. చేతులు ఊకె ఉంటే మనసు ఎటెటో పోయింది. ఎవరన్న ఇంత పని జెప్తే బాగుండనిపించింది."

"సరే, వెల్లుల్లే ఎందుకండీ?"

"ఉల్లిగడ్డైతే ఇంక ఏడుస్తరు. చిక్కుడుకాయ జల్ది అయిపోతది. ఇదైతే మస్తు సతాయిస్తది. దీన్ని తిట్టుకుంట తిట్టుకుంట దేవుణ్ని తిట్టుడు మర్చిపోతరు."

"మరి మీ తలనొప్పో?"

"వాళ్లు పొయినంక తగ్గుతది తియ్యి."

ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఆదిలక్ష్మి చేత అక్కడికక్కడే ఒట్టు వేయించుకుంది మాసమ్మ. తెలిస్తే ఎవరూ కోపంగా ఒలవరట. మాసమ్మ ఉన్నన్నాళ్లూ ఆదిలక్ష్మి నోరు విప్పలేదు, మీదుమిక్కిలి గల్లీలో అందరికన్నా గట్టిగా ఆమె పచ్చళ్ల వ్యాపారాన్ని తిట్టేది.

పోయిన చలికాలంలో, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మాసమ్మ మళ్లీ లేవలేదు. ఎనభై ఒక్క ఏళ్లు. ఆ సాయంత్రం ఆమె అరుగు మీద ఏడుస్తూ కూర్చున్న గల్లీవాళ్ల ఒళ్లో ఆదిలక్ష్మి ఆ చాటే పెట్టి, ఎల్లిగడ్డలు ఒలిపిస్తూ ఈ సంగతంతా చెప్పింది.