పిలుస్తారని

బళ్లారి నుంచి తెక్కలకోట పోయే బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నాడు. కురుగోడుకు టికెట్ తీసుకున్నాడు. ఒళ్లో ఉన్న పెట్టెకు విమానాశ్రయం చీటీ ఇంకా వేలాడుతోంది. పేరు అడగలేదు, యాడినుంచి వస్తాండారని మాత్రం అడిగాను.

"గల్ఫు నుంచప్పా. నా బిడ్డ పోయిందని ఫోన్ వచ్చింది. నడుమ ఒక ఊర్లో విమానం మారాల. టైము శానా తక్కువుండె. ఉరికి పోయి, టికెట్‌లో రాసిన గేటుకాడ కూర్చుంటి."

"మరి?"

"మన కండక్టర్ల మాదిరి అరిచి పిలుస్తారనుకుంటి. ఆడ ఎవరూ పిలవరంట, మనమే బోర్డు చూసుకోవాలంట. గేటు మార్చినారు. నేను ఆడనే కూర్చోనుంటి, విమానం పాయె."

ఇంకో విమానం మర్నాడు దొరికిందట.

"నాకోసరం పొద్దు మునిగేదాంక చూసినారు. ఆమీద నేను రాకనే బిడ్డను మట్టి చేసినారు."

కిటికీ బయట మిరప చేలు వెనక్కి పోతున్నాయి.

బస్సు ఆగింది. "కురుగోడు! కురుగోడు!" అని కండక్టరు అరిచాడు. ఆయన కదల్లేదు. కండక్టరు వచ్చి భుజం తట్టాడు.

"యజమాన్రే, ఊరొచ్చింది, దిగండి."

ఆయన తలెత్తి చూశాడు. "ఇంగోసారి పిలువప్పా."

తాగాడనుకున్నాడేమో, కండక్టరు విసుక్కుంటూనే ఇంకోసారి అరిచాడు.

అప్పుడు దిగాడు.