ఘాటెక్కిన శుభలేఖ

మా బావ అనంతపద్మనాభానికి కొత్త వస్తువంటే గిట్టదు. గుంటూరులో హైస్కూలు డ్రాయింగు మాస్టారు. బడి వదిలాక బ్రాడీపేటలోని ఇంటి ముందుగదిలో కూర్చుని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కావలసిన అలంకారాలు తయారు చేసేవాడు. శుభలేఖల నమూనాలు, గుమ్మాలకి పూసల తోరణాలు, పెళ్ళికూతురి చేతిలో పెట్టే కొబ్బరిబొండాం మీద చెమ్కీల పువ్వులు, వధూవరుల మధ్య పట్టే తెర మీద హంసలు, ఏది అడిగినా చేసిపెట్టేవాడు. ఆయన షరతు ఒక్కటే. అది చూడగానే వాళ్ళ ముత్తవ్వ పెళ్ళి నాటి వస్తువులా ఉండాలి.

అప్పుడు ఎనభైల నడిమి రోజులు. ఊరు ఊరంతా థర్మోకోల్ మోజులో పడి కొట్టుకుపోతోంది. మండపం వెనక గోడకి తెల్లటి థర్మోకోల్ అక్షరాలతో వధూవరుల పేర్లు, మధ్యలో ఎర్రటి గుండె, గుండెకో బాణం. అలాంటివి చేసిపెట్టమని వచ్చినవాళ్ళని బావ ఆప్యాయంగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, ఆ తరవాత తిట్టేవాడు.

"టీవీ కొంటే పెట్టెలో అడ్డంగా పెట్టి ఇస్తారే, ఆ తెల్లముక్క మీద మీ పిల్ల పేరు చెక్కించుకుంటారా? ముహూర్తం దాటకుండానే ఎలకలు కొరుకుతాయండీ!"

కాఫీ బాగుండేది కాబట్టి జనం మళ్ళీ వచ్చేవారు. వచ్చి చివరికి బావ చెప్పిందే చేయించుకునేవారు. పాత కాగితం దొరక్కపోతే కొత్త కాగితాన్నే పొగాకు నానేసిన నీళ్ళలో ముంచి, నీడన ఆరేసి, దానికి ముసలితనం తెప్పించేవాడు. అలాంటి శుభలేఖలు అందుకున్న చుట్టల తాతయ్యలు కొందరు పెళ్ళి అయ్యేదాకా వాటిని ఆ పొగాకు వాసన కోసం జేబులోంచి బయటికి తియ్యలేదని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు.

ఆయనకి బావమరిదిగా పుట్టిన పాపానికి నా స్కూటరు ఆయనకి వాహనమైంది. పాత అద్దకం దిమ్మలున్నాయంటే వేటపాలెం, పాత గాజుపూసలున్నాయంటే బాపట్ల. కరెంటాఫీసులో వారమంతా జనం తిట్లు తిని, ఆదివారం ఆయన వెనక సీటు మీద కూర్చుని నా డ్రైవింగు మీద చేసే వ్యాఖ్యానం వినాలి. నాకు ఆదివారమంటేనే విసుగు పుట్టింది.

ఇంతలో ఆయన ఒక్కగానొక్క కూతురు రాజరాజేశ్వరికి, మేం రాజి అంటాం, పెళ్ళి కుదిరింది. అబ్బాయిది ఒంగోలు, బ్యాంకులో ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో ఇద్దరూ పెరట్లోకి వెళ్ళి ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, మా అక్క కామేశ్వరి చేసిన ఉప్మా చల్లారి గడ్డకట్టింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు నచ్చేశారని పిల్లి పిల్లలకి కూడా తెలిసిపోయింది.

చిక్కల్లా అబ్బాయి బామ్మ జ్ఞానప్రసూనాంబగారితోనే. ఎనభై దాటిన మనిషి. ఆ ఇంట్లో ఆవిడ మాట దాటి గడియారం కూడా గంట కొట్టదు. శకునాల పట్టింపు ఎక్కువ. ఇంతకుముందు ఒక సంబంధం వాళ్ళు బయల్దేరుతుంటే పిల్లి ఎదురొచ్చిందని ఆగిపోయింది. ఇంకోటి మరీ ఘోరం. అన్నీ కుదిరి తాంబూలాలు పుచ్చుకునే సమయానికి ఎవరో ఒక్క తుమ్ము తుమ్మారట. ఒంటి తుమ్ము! ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు, అంతే సంగతులు. ఈ కథ మధ్యవర్తి చెప్పిన దగ్గర్నుంచీ అక్కకి నిద్ర లేదు. మా తాంబూలాలప్పుడు నేను ముక్కు పట్టుకుని ఓ మూల నిలబడ్డాను. గండం గడిచింది. పెళ్ళి వైశాఖంలో పెట్టుకున్నారు.

ఇక శుభలేఖ. సొంత కూతురి పెళ్ళికి పొగాకు నీళ్ళ దొంగ పాతదనం పనికిరాదన్నాడు బావ. నిజంగా పాత కాగితమే కావాలి. దానికోసం నా స్కూటరు టైరు అరిగిపోయింది, కాగితం మాత్రం దొరకలేదు.

దొరికింది ఎక్కడంటే, మిరపకాయల కొట్లో. ఆవకాయకి మంచి కాయ కొందామని కమీషను వ్యాపారి వెంకటనారాయణ గోదాముకి వెళ్ళాం. ఆయన ఓ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, మా అక్కకి మచ్చుగా చూపించమంటూ పొట్లం కట్టి ఇచ్చాడు. బావ పొట్లం వంక చూశాడు. కాయలన్నీ కింద పారబోసి కాగితం వెలుతురుకి పట్టుకున్నాడు. మీగడ రంగు, మందంగా ఉంది. అంచున వెలిసిన బంగారు గీత. నాలుగు మూలలా ఉబ్బెత్తుగా అచ్చొత్తిన చిలకల జంటలు.

"నారాయణా, ఎక్కడిదయ్యా ఇది?" అన్నాడు బావ.

"ఆ కాయితాలా? మా నాయన పెళ్ళికి మా తాత మద్రాసు నుంచి తెప్పిచ్చాడంట మాస్టారూ. శుభలేఖలు అచ్చేసి ఊరందరికీ పంచినా ఖాళీ కాయితాలు తరగలా. అటక మీద పడేశారు. మందంగా ఉంటయ్యి గదా, మచ్చులు కట్టటానికి వాడుతున్నాం."

"ఓరి దుర్మార్గుడా! చిలకల్లో పెట్టి మిరపకాయలు కడతావా?"

"చిలకలు మిరపకాయలు తింటయ్యిగా మాస్టారూ," అన్నాడు వెంకటనారాయణ, తన తప్పేమిటో అర్థంకాక.

మిరపబస్తాల పైన అటక మీద, నాకు ఊహ తెలియకముందు నుంచీ పడుంది ఆ కట్ట. దింపి, దులిపి, స్కూటరు మీద నా కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాం. అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"ఏవండీ, ఇది కారం వాసన కొడుతోంది."

"ఏదీ?" బావ కట్టలో ముఖం పెట్టి గుండె నిండా పీల్చాడు. "నాకేం తెలియట్లేదే! నువ్వు చూడవోయ్."

నేనూ పీల్చాను. ఏమీ లేదు. రాజి పీల్చింది. చివరికి అక్క కూడా పీల్చి, తన అనుమానమేనేమో అంది. మా తెలివి అలా తెల్లారింది. మిరపకాయ బస్తాలు దిగే రోజుల్లో గుంటూరు గాలి సగం కారమే. ఆ గాలి పీల్చి పెరిగిన ముక్కులు ఎప్పుడో లొంగిపోయాయి. ఆ ముక్కులతో కారానికి పరీక్ష పెట్టాం.

"కంట్లో కారం పడ్డా నీళ్ళు రాని జాతి మనది," అని బావ ఆ రోజు ఛాతీ విరుచుకున్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

కాగితాలన్నీ డాబా మీద ఎండబెట్టాడు, మెత్తటి గుడ్డతో తుడిచాడు. అచ్చు వేయించింది సుభానీ ప్రెస్సులో. ఆ ప్రెస్సు మిరపకాయల గోదాముల సందులోనే ఉంది. సుభానీ ముక్కు మాకంటే మొద్దు. "కాయితం కాదు మాస్టారూ, వెన్న," అని మురిసిపోతూ ఎర్ర సిరాతో అచ్చేశాడు. మడతల్లో బావ సంపెంగ అత్తరు అద్దాడు. నాకు చెప్పడానికి నామోషీగా ఉంది గానీ, అంత అందమైన శుభలేఖ నేను మళ్ళీ చూడలేదు.

తొలి శుభలేఖ దేవుడి దగ్గర పెట్టి, మూలలకి పసుపు రాసి, బావ, అక్క, నేను ఒంగోలు బస్సెక్కాం. దాన్ని బామ్మగారి చేతే విప్పించాలని బావ పట్టుదల. ఆవిడ హాల్లో వాలుకుర్చీలో కూర్చున్నారు. పక్కన ఆవిడ కొడుకు, అంటే మా కాబోయే వియ్యంకుడు. లోపలి గుమ్మం కర్టెను వెనక పెళ్ళికొడుకు పాదాలు కనిపిస్తున్నాయి.

బావ పళ్ళెం అందించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, శుభలేఖ తీసుకుని, మడత విప్పారు. పైన ఫ్యాను తిరుగుతోంది. చదవడానికి ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. ముక్కు చివర ఎర్రబడింది. కళ్ళు మూతపడ్డాయి.

ఆ తుమ్ముకి కర్టెను వెనక పాదాలు ఎగిరి పడ్డాయి.

ఒక్కటే తుమ్ము. మేమందరం రెండో తుమ్ము కోసం ఎదురుచూశాం. జంట తుమ్ముకి దోషం లేదు, అది ఎవరికైనా తెలుసు. రెండోది రాలేదు. అక్క ముఖం పాలిపోయింది. నాకు ఇంటి దగ్గర పెరట్లో కనకాంబరాలు గుచ్చుకుంటూ కూర్చున్న రాజి గుర్తొచ్చింది. ఆ కాగితం కట్ట మోసుకొచ్చిన నా స్కూటరుని తగలబెట్టాలనిపించింది.

"శతాయుష్షు!" అన్నాడు బావ, కంగారులో.

"అంటే ఇంకెంతో లేదంటావా?" అన్నారు బామ్మగారు. శుభలేఖ పళ్ళెంలో పెట్టేశారు. "ఒంటి తుమ్ము. అదీ శుభలేఖ విప్పుతూనే."

"అమ్మా, ఏదో నలకపడి..." అన్నాడు వియ్యంకుడు.

"ఎందుకొచ్చిందని శాస్త్రం అడగదురా."

బావ ఊరుకునే రకం కాదు. పళ్ళెం మళ్ళీ ఆవిడ ముఖం కిందికి తీసుకెళ్ళాడు. "అత్తరు అద్దానండీ బామ్మగారూ. సంపెంగ. ఒక్కసారి దగ్గరగా వాసన చూస్తే..."

"రెండోది తెప్పిద్దామనా? నేను పసిపిల్లనిటయ్యా?"

దొరికిపోయిన దొంగలా బావ నేల చూపులు చూశాడు. తరవాత, ఆయన నోట నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో అన్నాడు: "తప్పు నాదండీ. ఆ కాగితం మిరపకాయల అటక మీద దొరికింది. పాతది కావాలని నేనే పట్టుబట్టాను. మా ముక్కులకి ఘాటు తెలియలేదు. దోషముంటే నా పిచ్చికి పెట్టండి. మా పిల్ల మీ ఇంటికి రావాలని ఎంతో ఆశపడుతోందండీ."

బామ్మగారు పళ్ళెం తన ఒళ్ళోకి తీసుకున్నారు. పళ్ళెంలోని శుభలేఖ వైపే చూస్తున్నారు. వేలితో ఓ మూల చిలకల్ని తడిమారు.

"నా పెళ్ళికి మా నాన్న ఇలాంటి చిలకలే వేయించాడు," అన్నారు. "పందిట్లో అందరి చేతుల్లోనూ ఉన్నాయి. నాకొకటి ఇవ్వమని ఏడ్చాను. పెళ్ళికూతురికి శుభలేఖ ఎందుకే అని నవ్వారు. తొమ్మిదేళ్ళదాన్ని. ఆ తరవాత ఎంత వెతికించినా ఒక్కటీ దొరకలేదు."

ఆవిడ వేలు ఇంకా చిలకల మీదే ఉంది.

"సంబంధం వద్దనుకుంటే ఇది మీకు తిరిగి ఇచ్చెయ్యాలి కదూ?" అన్నారు, బావని సూటిగా చూస్తూ.

బావ అదే పాత బావ అయిపోయాడు. "ఇచ్చెయ్యాలండీ మరి. పెళ్ళి లేనిదే శుభలేఖ ఎవరైనా ఎలా ఉంచుకుంటారు?"

ఆవిడ శుభలేఖ చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు తీసి కొడుక్కిచ్చారు. మడత బాగా విప్పి, అందులో ముక్కు పెట్టి, గట్టిగా పీల్చారు. రాలేదు. మళ్ళీ పీల్చారు. అక్క చేతులు జోడించి వేంకటేశ్వరస్వామికి మొక్కుకుంటోంది. వియ్యంకుడు ఫ్యాను వేగం పెంచాడు. పిలిచినప్పుడు తుమ్ము ఎక్కడొస్తుంది!

"గుంటూరు కాయ ఇంతేనా?" అని విసుక్కుంటూ ఆవిడ శుభలేఖని పళ్ళెం అంచుకేసి టపటపా కొట్టి, మళ్ళీ ముఖానికి అద్దుకున్నారు.

ఈసారి వచ్చింది. కర్టెను వెనక నుంచి పెళ్ళికొడుకు "హమ్మయ్య!" అనేశాడు. అక్క అక్కడే కూలబడి ఏడ్చేసింది. వియ్యంకుడు బావని కావలించుకున్నాడు. ఆ సంబరంలో ఎవరూ చూడలేదు గానీ నేను చూశాను, బామ్మగారి ముక్కు మళ్ళీ ఎర్రబడుతోంది.

"మూడోది! మూడోది వస్తోంది!" అని అరిచాను. అదొస్తే జంట చెడి మళ్ళీ ఒంటి తుమ్మే మిగులుతుంది.

ఆవిడ కొంగుతో ముక్కు గట్టిగా మూసుకుని, రెండో చేత్తో శుభలేఖని రవికెలో దోపేసుకున్నారు. "మంచినీళ్ళు తేండర్రా!" అని కొంగులోంచి అరిచారు. మూడోది నీళ్ళతో కిందికి దిగింది.

మిగతా శుభలేఖలు తగలబెడతానన్నాడు బావ. ఆవిడ ఒప్పుకోలేదు. తన వైపు చుట్టాలందరికీ అవే ఇప్పించారు. వచ్చినవాళ్ళు ఒకటి తుమ్మి ఆగితే, రెండోది తుమ్మేదాకా గడప దాటనివ్వలేదట. పెళ్ళిదాకా ఒంగోల్లో అదో వేడుకైపోయింది.

పెళ్ళి గుంటూరులో ఘనంగా జరిగింది. మండపంలో బావ పూసల తోరణాలు, తెర మీద హంసలు. థర్మోకోల్ ముక్క ఎక్కడా లేదు. అప్పగింతల వేళ రాజి చేతుల్ని పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెట్టేటప్పుడు, బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు. బుగ్గల మీద నీళ్ళు ధారలు కట్టాయి.

"ఏవయ్యా, ఏమిటది?" అన్నారు కుర్చీలోంచి బామ్మగారు.

"ఘాటండీ," అన్నాడు బావ. "ఎవరో ఇక్కడ ఆ శుభలేఖ విప్పినట్టున్నారు."

"అన్నీ పంచేశాం కదయ్యా. మిగిలింది ఒక్కటే, ఒంగోల్లో నా పెట్టెలో ఉంది."

రాజి ఏడుస్తూనే పకపకా నవ్వింది. కంట్లో కారం పడ్డా నీళ్ళు రాని జాతి మనిషి, ఇక మారుమాట్లాడకుండా, నా భుజం మీది కొత్త కండువా లాక్కుని ముక్కు చీదుకున్నాడు.