గుండంలో నీళ్ళు

గౌలిపురలో మా ఇంటికి పన్నెండేళ్ళు పాలు పోసిన బాపు పోయిన నెల చనిపోయారు. ఆ పొద్దున గిన్నె పట్టుకుని తలుపు తీస్తే ఆయన కొడుకు ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. "బాపు పోయిండక్కా. ఇయ్యాల పాలు రావు" అన్నాడు. అంత దుఃఖంలోనూ గడప గడపకూ వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ ఇంటి పద్ధతే అంత.

మాది కోనసీమ. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది కాలువ గట్టు. ఆ మాట ఒకసారి నోరు జారితే బాపు ఇక వదల్లేదు. "ఇంత పెద్దగైనవ్, గుట్ట ఎక్కలేదా బిడ్డా? గట్లెట్ల?" అని ఆటపట్టించి, మా అమ్మాయి సైకిల్ చైనుకు తానే నూనె పెట్టి, నెల రోజులు నాచేత వీధుల్లో తొక్కించి, ఒక చలికాలపు ఆదివారం తెల్లవారకముందే తనకు తెలిసిన ఒక గుట్టకు బయల్దేరదీశారు. సైదాబాద్ మీదుగా ఇబ్రహీంపట్నం దాటాక తారు రోడ్డు వదిలేశాం. ముళ్ళకంపల మధ్య మట్టిబాట. బస్సు రాదు, నడిస్తే సగం రోజు పోతుంది. ఆ గుట్ట మొదలు దాకా సైకిలే దిక్కు.

బాపు వయసులో ఉన్నప్పుడు బర్రెల్ని అక్కడికి మేతకు తోలుకుపోయేవారట. గుట్ట కొసన రాతిలో ఒక గుండం, దాన్నిండా వాన నీళ్ళు. తర్వాత బర్రె తన్ని మోకాలు చెడింది. సైకిల్ తొక్కేవారు గానీ గుట్ట ఎక్కలేకపోయేవారు.

"గుండంల నీళ్ళు ఇంకా ఉన్నయో లేవో చూసి రా బిడ్డా. ఎక్కేటప్పుడు మాట్లాడకు, దమ్ము సగం మాటల్లనే పోతది" అని నన్ను పంపి, తాను వేపచెట్టు కింద సైకిళ్ళ దగ్గర కూర్చున్నారు.

సగం ఎక్కేసరికే నా పని అయిపోయింది. ఒక బండ మీద కూలబడి, గంటసేపు అక్కడే ఉండి, దిగి వచ్చేశాను. బాపు మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నారు. అలికిడికి లేచారు.

"ఉన్నయా?"

"ఉన్నాయి బాపూ. నిండుగా ఉన్నాయి."

"తాగినవా?"

"తాగాను."

ఆయన కాసేపు నా మొహం చూసి, తన నీళ్ళ సీసా చేతికిచ్చారు. "అయినా ఇంకిన్ని తాగు." నేను సీసా ఖాళీ చేశాను.

ఆ తర్వాత ఎన్నిసార్లో "ఇంకోసారి పోదమా బిడ్డా" అని అడిగారు. ఆఫీసన్నాను, అమ్మాయి పరీక్షలన్నాను, నడుం నొప్పన్నాను. అబద్ధం బయటపడుతుందన్న భయమే అసలు సంగతి. ఆయన రెట్టించలేదు, కోపమూ తెచ్చుకోలేదు. పాలు పోసి, గిన్నె మీద మూత సరిచేసి వెళ్ళిపోయేవారు.

పదకొండో రోజు కార్యం ముగిశాక బాపు కొడుకును ఆ గుట్టకు తోడు రమ్మని అడిగాను. బాపు సైకిల్ మీద అతనొచ్చాడు. అతన్ని కింద ఉంచి ఎక్కుతూ, ఆనాటి బండ దగ్గర ఆగి వెనక్కి చూశాను. మధ్యలో అడ్డం ఏమీ లేదు. చెట్టు కింద కొడుకు చెప్పులోని రాయి దులుపుకోవడం కూడా తెలుస్తోంది. బాపు నన్ను చూశారన్నమాట. గంటసేపూ చూశారు. మళ్ళీ మళ్ళీ ఎందుకు పిలిచారో అప్పుడు తెలిసి, సిగ్గుతో ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని కొసదాకా ఎక్కాను. గుండంలో నీళ్ళున్నాయి. నిండుగా కాదు, మోచేతి లోతు. కడుపారా తాగాను. మళ్ళీ దోసిలి పట్టి, అంచుకు వచ్చి, కిందికి కనిపించేలా ఎత్తాను. కొడుకు లేచి నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోతున్నా చేతులు దించబుద్ధి కాలేదు.