మట్టితో వజూ

పటాన్‌చెరు పెద్ద మసీదంటే మాకు నమాజు ఒక్కటే కాదు. పెళ్ళి మాటలు, కంపెనీల్లో ఖాళీల కబుర్లు, కిరాయి గదుల వెతుకులాట, అన్నీ శుక్రవారం జుమ్మా నాడు అక్కడే. నమాజు వదిలే వేళకు గేటు బయట జ్వరమొచ్చిన పిల్లలతో తల్లులు నిలబడేవాళ్ళు, చేతిలో గ్లాసుడు నీళ్ళతో. వాళ్ళలో సగం మంది హిందువులే. బయటికొచ్చే పెద్దలు దువా చదివి ఆ నీళ్ళలో ఊదేవాళ్ళు. ఐదు పూటలా అజాన్ ఇచ్చే మా అబ్బా దగ్గరికే ఎక్కువ మంది వచ్చేవాళ్ళు.

తొంభైల్లో ఒక శుక్రవారం, ఇస్నాపూర్ నుంచి వచ్చిన ఒకామె మసీదు నల్లా కిందే గ్లాసు నింపుకుంది. అబ్బా ఊదబోయి వాసన చూసి ఆగాడు.

"ఇవి తాగియ్యకు బిడ్డా," అన్నాడు.

బోరు నీళ్ళు అప్పటికే పచ్చబడ్డాయి. అది పక్కనే ఉన్న మందుల కంపెనీ వదిలే మురుగు పుణ్యమని అందరికీ తెలుసు. ఆ కంపెనీలోనే నా పని, నా జీతంతోనే మా ఇల్లు గడిచేది. రంగు, వాసన, రుచి చెడిన నీళ్ళు వజూకు, అంటే నమాజు ముందు కాళ్ళూచేతులూ కడుక్కోవడానికి, పనికిరావని అబ్బా మైకులో చెప్పేశాడు. మర్నాడే సూపర్‌వైజరు నన్ను పిలిచాడు.

"మసీదుకు ట్యాంకరు పంపుతం. మీ నాయినను సప్పుడు జెయ్యకుండ ఉండుమను. లేకుంటే నీ నౌకరీ ఉండది."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు అబ్బాకు చెప్పాను.

తర్వాతి జుమ్మాకు ట్యాంకరు వచ్చింది, వెనకే సూపర్‌వైజరూ వచ్చాడు. అబ్బా పైపును వజూ చేసే నీళ్ళ తొట్టి, హౌజులో వెయ్యనివ్వలేదు.

"మా ఒక్కల నోరు మూస్తరా? గల్లీల పిల్లలు ఏం తాగాలె?" అని బండిని గల్లీలోకి తోలించాడు. ఆడవాళ్ళు బిందెలతో ఉరికొచ్చారు.

మసీదు కమిటీ పెద్దాయన పరేషాన్ అయ్యాడు. "మరి వజూ ఎట్ల?"

"తాగనీకే నీళ్ళు లేనప్పుడు మట్టితోటి తయమ్ముమ్ చెయ్యొచ్చు. మన ఇస్లాంలనే ఉన్నది."

అబ్బా వాకిట్లో కూర్చుని అరచేతులు నేలకు కొట్టి ముఖం, చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్కరే కూర్చున్నారు. సూపర్‌వైజరు చూపంతా నా మీదే. చూస్తే చూడనీ అనుకున్నాను. సరిగ్గా అతని ముందే కూర్చుని దుమ్ము లేచేలా నేలను కొట్టాను. అల్లా కోసమా, అతని మీది కోపంతోనా అంటే, రెండూ.

సోమవారం వాచ్‌మన్ నన్ను కంపెనీ గేటు దాటనివ్వలేదు. ఇంటికొచ్చి అబ్బాకు చెప్పాను.

"తప్పు జేసిన్నా బేటా?"

"లేదబ్బా. ట్యాంకరు మళ్ళొస్తే మళ్ళ గల్లీలకే తోలుదాం," అన్నాను.